కదలని గీత

మొన్న ఉదయం మా ల్యాబులోకి అడుగుపెట్టేసరికి పచ్చి నువ్వుల వాసన గుప్పున తగిలింది. వేయించిన నువ్వుల వాసన అందరికీ తెలుసు. నానబెట్టిన నువ్వుల్ని చల్లటి కల్వంలో నూరినప్పుడు వచ్చే వాసన వేరు. కొంచెం పచ్చిపాల వాసనలా, కొంచెం తడిసిన మట్టి వాసనలా ఉంటుంది. నా దగ్గర పరిశోధన చేస్తున్న శ్రావ్య మంచుముక్కల మధ్య కల్వం పెట్టుకుని నూరుతోంది. నేను తలుపు దగ్గరే ఆగిపోవడం చూసి "ఏమైనా తప్పు చేసానా మేడమ్?" అని కంగారుపడింది. ఏం లేదు, నూరుకో అన్నాను కానీ, నా గదిలోకి వెళ్ళి కూర్చున్నాక చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను. ఆ వాసనని నాకు పరిచయం చేసిన మనిషి పోయి రెండేళ్ళు దాటింది. ఆవిడ పేరు మీద ఏ బహుమతీ లేదు, ఏ గోడమీదా ఫోటో లేదు. తెలియనివాళ్ళకి ఆవిడ గురించి చెప్పాల్సింది నేనే అనిపించి ఇది రాస్తున్నాను.

ఆవిడ పేరు షమీమున్నీసా. మాకు షమీమ్ మేడమ్. నందిగామలో నేను డిగ్రీ చదివిన కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవారు. సొంతూరు జగ్గయ్యపేట. తండ్రి సిమెంటు లారీ నడిపేవాడట. భర్త సలీంగారికి జగ్గయ్యపేటలోనే ఫ్రిజ్జులు బాగుచేసే షాపు ఉండేది. మేడమ్ సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఎప్పుడూ నూలు చీరే. కొంగు తలమీద నిలవక జారుతూ ఉంటే పాఠం చెబుతూనే ఎడమచేత్తో సర్దుకునేవారు. ఉద్యోగం కాంట్రాక్టుది. ప్రతి జూన్‌లోనూ కొత్త కాగితం చేతికొస్తే తప్ప ఆ ఏడాది ఉన్నట్టో లేనట్టో తెలియని ఉద్యోగం. అయినా పాఠం చెప్పేటప్పుడు మాత్రం ఆ కాలేజీ మొత్తం తనదే అన్నట్టు నిలబడేవారు.

నేను వేదాద్రి దగ్గర ఒక పల్లెటూరు నుంచి వచ్చినదాన్ని. మా నాన్న మిర్చి, పత్తి వేసేవాడు. కాలేజీలో కొత్తగా బయోటెక్నాలజీ పెట్టారని, అందులో చేరితే వెంటనే ఉద్యోగం వస్తుందని ఎవరో చెబితే చేర్చాడు. మా బ్యాచిలో పదకొండుమందిమి. మొదటి క్లాసుకి మేడమ్ ఒక స్టీలు డబ్బాతో వచ్చారు. మూత తీసి, గుప్పెడు నువ్వులు బల్లమీద పోసి, "వీటిలో నూనె ఎక్కడుంది?" అని అడిగారు.

గింజలో ఉందన్నాను నేను.

"గింజలో ఎక్కడమ్మా? సీసాలో పోసినట్టు మధ్యలో ఉందా? గోడలకి పూసినట్టు ఉందా?"

మేడమ్ ఆ నువ్వుల్ని కల్వంలో నీళ్ళు పోసి నూరి, బట్టలో వడకట్టి, ఆ తెల్లటి పాలని రెండు గాజుగొట్టాల్లో పోశారు. కాలేజీలో చేత్తో తిప్పే పాత సెంట్రిఫ్యూజ్ ఒకటి ఉండేది. దాన్లో గొట్టాలు పెట్టి, మాచేత ఒకరి తర్వాత ఒకరిచేత పిడి తిప్పించారు. చేతులు నొప్పిపుట్టాక ఆపి చూస్తే గొట్టం పైన మీగడలా ఒక తెల్లటి పొర కట్టింది. దానిలో ఒక్క చుక్కకి ఎర్రరంగు కలిపి మైక్రోస్కోపు కింద పెట్టారు. నా వంతు వచ్చినప్పుడు చూశాను. లెక్కపెట్టలేనన్ని చిన్న చిన్న ఎర్రటి బొట్లు. ఒకదాన్నొకటి తాకుతున్నాయి కానీ కలవడం లేదు.

"చూసారుగా? నూనె బొట్టూ నూనె బొట్టూ పక్కపక్కన ఉంటే ఏమవ్వాలి? చారులో నూనె వేస్తే చూళ్ళేదా, కాసేపటికి చిన్నవన్నీ కలిసి పెద్ద బొట్టవుతాయి. మరి ఇవెందుకు కలవట్లా?"

ఆ ప్రశ్నకి జవాబు ఆవిడే చెప్పారు. గింజలో ప్రతి నూనె బొట్టు చుట్టూ పలచటి పొర ఉంటుంది. ఆ పొరలో కొన్ని ప్రొటీన్లు మేకుల్లా దిగి ఉంటాయి. అవే బొట్లని కలవకుండా కాస్తాయి. వాటిలో ఒకదాని పేరు కేలియోసిన్. దానికొక ప్రత్యేకత ఉంది. అది కాల్షియాన్ని పట్టుకుంటుంది. మొక్కకి కాల్షియం అంటే ఎముక కాదు, కబురు. ఎండ ఎక్కువైందనో, మొలకెత్తే వేళైందనో కణంలో కబురు అందేది కాల్షియంతోనే. ఆ కబురు అందుకునే చెయ్యి ఒకటి నూనె బొట్టు మీదే ఎందుకుంది? "అది పూర్తిగా ఎవరికీ తెలీదు," అన్నారు మేడమ్. టీచరు నోట 'ఎవరికీ తెలీదు' అన్న మాట నేను వినడం అదే మొదటిసారి. తెలియనిది చెబుతున్నప్పుడు ఆవిడ మొహం తెలిసింది చెబుతున్నప్పటికంటే వెలిగిపోయింది.

ఆవిడ జగ్గయ్యపేటలో బస్సెక్కితే, నేను చిల్లకల్లు దగ్గర ఎక్కేదాన్ని. చాలాసార్లు ఒకే బస్సు. మొదట్లో భయంతో వెనక నిలబడేదాన్ని. ఒకరోజు ఆవిడే పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆ ప్రయాణాల్లోనే ఆవిడ కథ కొంచెం కొంచెంగా తెలిసింది. పెళ్ళయి, పిల్లాడు బడికి వెళ్ళడం మొదలయ్యాక, ముప్ఫై ఐదేళ్ళ వయసులో ఉద్యోగం వదిలి ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీకి చేరారట. నువ్వుల కేలియోసిన్ మీదే పని. మూడేళ్ళు చేశారు. అక్కడొక ప్రయోగం దగ్గర ఆగిపోయింది.

ఆ ప్రయోగం ఇది. జెల్లీలాంటి పలచటి పలకలో ప్రొటీన్లని కరెంటు పెట్టి పైనుంచి కిందికి నడిపిస్తారు. తర్వాత నీలంరంగు వేస్తే ఒక్కో ప్రొటీనూ ఒక్కో గీతగా కనిపిస్తుంది. కేలియోసిన్ కాల్షియాన్ని పట్టుకుని ఉంటే కాస్త ముడుచుకుని తొందరగా కిందికి దిగుతుంది. కాల్షియాన్ని లాగేసే మందు కలిపితే వదులై కాస్త పైనే ఆగుతుంది. రెంటినీ పలకలో పక్కపక్క దారుల్లో నడిపితే గీతలు ఒకచోట ఉండకూడదు. మేడమ్ పలకలో రెండూ ఒకేచోట ఉన్నాయి. నాలుగుసార్లు చేస్తే మూడుసార్లు గీత కదల్లేదు. ఒక్కసారి మాత్రం కాస్త కదిలినట్టు అనిపించింది.

"మా గైడు గారు, ఆ ఒక్క ఫోటో పెట్టి మిగతావి వదిలేయమ్మా, అది కదుల్తుందని లోకమంతా తెలుసు, నిన్నెవరడుగుతారు అన్నారు," అని చెప్పారు మేడమ్, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"మీరేమన్నారు మేడమ్?"

"నాకు కదల్లేదు సార్ అన్నా. కదిలిందని ఎట్లా రాస్తాను? ఎందుకు కదల్లేదో తెలిసేదాకా ఆగుతానన్నా. ఆయన ఆగలేదు. ఫెలోషిప్పు గడువైపోయింది. సామాను సర్దుకుని వచ్చేసా."

నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. ఆవిడ చేసింది గొప్పపనో తెలివితక్కువ పనో తేల్చుకోలేకపోయాను. నిజం చెప్పాలంటే తెలివితక్కువ పనే అనుకున్నాను. ఒక్క ఫోటో కోసం మూడేళ్ళు వదులుకోవడమేమిటి?

మేం మూడో ఏడాదికి వచ్చేసరికి కాలేజీలో బయోటెక్నాలజీకి కొత్తగా ఎవరూ చేరలేదు. మా బ్యాచి వెళ్ళిపోగానే ఆ ల్యాబు తీసేసి కంప్యూటర్ల గది చేస్తారని తెలిసింది. ఆ ల్యాబులో ఒక మూల, ప్రొటీన్లని నడిపించే ఆ యంత్రమే, అట్టపెట్టె కూడా విప్పకుండా పడి ఉంది. కోర్సుకి అనుమతి కోసం ఎప్పుడో కొన్నది. మేడమ్ ప్రిన్సిపాల్ గదికి వెళ్ళేటప్పుడు నన్నూ వెంట తీసుకెళ్ళారు.

"ఈ ఒక్క ఏడాదీ ల్యాబు తాళం నాకివ్వండి సార్. పిల్లల ప్రాజెక్టు పని చేయిస్తా."

"ప్రాజెక్టంటే ఏవో నాలుగు కాగితాలు రాయిస్తే సరిపోదా మేడమ్? అందరూ అంతేగా చేస్తున్నది."

"సరిపోదు సార్," అన్నారు ఆవిడ. గొంతు పెంచలేదు. అంతకుమించి ఒక్క మాటా మాట్లాడలేదు. అక్కడినుంచి కదలనూ లేదు. ఆయన కాసేపు ఫైలు చూసుకుని, కాసేపు ఫోన్ మాట్లాడి, చివరికి సొరుగులోంచి తాళంచెవి తీసి బల్లమీద పెట్టారు.

పదకొండుమందిలో ఆ పనికి నేనొక్కదాన్నే ముందుకొచ్చాను. శని, ఆదివారాల్లో, సెలవుల్లో వచ్చేవాళ్ళం. మొదటి పలక గడ్డకట్టలేదు. రెండోది పగిలింది. మూడోదానికి కరెంటు పోయింది. అయిదోది బాగా వచ్చింది. నీలంరంగులోంచి తీసి, కిటికీ అద్దానికి ఆనించి చూశాం. నువ్వుల ప్రొటీన్ల గీతలన్నీ వరసగా ఉన్నాయి. కేలియోసిన్ గీత రెండు దారుల్లోనూ సరిగ్గా ఒకేచోట ఉంది. నేను మేడమ్ మొహంకేసి చూశాను. అందులో ఆశ్చర్యం లేదు. ఈ పలకని ముందే చూసిన మనిషి మొహంలా ఉంది.

ఇంకో మూడుసార్లు చేశాం. అదే ఫలితం. పరీక్షలు దగ్గరపడుతున్నాయి. ఒకసారి పలక కాస్త వంకరగా నడిచి, ఒక గీత వెంట్రుకవాసి కిందికి దిగింది. నేను దాన్ని పట్టుకుని, "మేడమ్, ఇది పెట్టేద్దామా? మిగతావి చూపించకపోతే ఏమవుద్ది?" అన్నాను.

నోరు జారాక తెలిసింది నేనేమన్నానో. బస్సులో చెప్పిన కథంతా గుర్తొచ్చింది. మేడమ్ తిట్టలేదు. ఆ పలకని నా చేతిలోంచి తీసుకుని జాగ్రత్తగా పళ్ళెంలో పెట్టారు. తర్వాత స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు.

"కోటేశ్వరీ, ఇది వంకరగా నడిచిందని నీకు తెలుసా తెలీదా?"

"తెలుసు మేడమ్."

"తెలిసి పెట్టావంటే, రేపటినించి నువ్వు చెప్పే ప్రతిదాన్నీ నువ్వే నమ్మలేవు. వేరేవాళ్ళ సంగతి తర్వాత. నీకు నువ్వే పనికిరాకుండా పోతావమ్మా. కదల్లేదంటే ఏదో కారణం ఉంది. అది మన తప్పే కావచ్చు. తప్పయితే దొరుకుద్ది. వెతుకుదాం."

ఆ రోజునుంచి వెతకడం మొదలుపెట్టాం. మందుల సీసాలన్నీ ఒక్కొక్కటి మార్చి చూశాం. నువ్వులు మార్చాం. మైలవరం నుంచి ఒకరకం, మా ఊరి నుంచి ఒకరకం తెప్పించాం. తూకం సరిచూశాం. ఏం చేసినా గీత కదల్లేదు. మేడమ్ ఒక నోటుబుక్కులో మార్చినవన్నీ రాసి, పక్కన 'ఇది కాదు' అని రాసేవారు. పేజీలు పేజీలు 'ఇది కాదు'. ఆ మాట రాసేటప్పుడు ఆవిడకి నిరుత్సాహంగా ఉండేది కాదు. ఒక ఇంటి తలుపు తట్టి చూశాం, ఇంక తర్వాతి ఇంటికి వెళదాం అన్నట్టు పేజీ తిప్పేవారు.

అసలు సంగతి ఒక ఆదివారం మధ్యాహ్నం బయటపడింది. కొళాయిలో నీళ్ళు రావడం లేదు. చేతులకి నీలంరంగు అంటుకుంది. పక్కన ల్యాబు కోసం తెచ్చిన శుద్ధమైన నీళ్ళ క్యాను ఉంది. "కాస్త ఒంపమ్మా," అని మేడమ్ సబ్బు చేతికి తీసుకున్నారు. నేను ఒంపాను. ఆవిడ రుద్దుతున్నారు, రుద్దుతున్నారు. నురగ రావడం లేదు. తెల్లటి తెట్టులా విరిగిపోయి చేతులకి అంటుకుంటోంది. మేడమ్ చేతులు అలాగే ఆగిపోయాయి.

"ఇంకొంచెం పొయ్యి," అన్నారు. పోశాను. మళ్ళీ అదే తెట్టు.

"అమ్మాయ్, మా ఇంట్లో బోరునీళ్ళకి అచ్చం ఇట్లాగే అవుద్ది."

జగ్గయ్యపేట పక్క నేలంతా సున్నపురాయి. అన్ని సిమెంటు ఫ్యాక్టరీలు అక్కడ ఉన్నది అందుకే. బోరునీళ్ళు కాస్తే గిన్నెలకి తెల్లటి పెచ్చు కడుతుంది, సబ్బు నురగ కట్టదు. ఆ సున్నం అంటే కాల్షియమే. కాలేజీలో నీళ్ళని శుద్ధిచేసే యంత్రం ఆ పెచ్చు పట్టే ఎప్పుడో కాలిపోయింది. అందుకని ఊళ్ళో ఒక బ్యాటరీల షాపునుంచి 'శుద్ధమైన నీళ్ళు' అని రాసి ఉన్న క్యాన్లు కొనేవాళ్ళం. ఇద్దరం తలుపు తాళం వేసి, చేతులకి అంటిన తెట్టుతోనే ఆ షాపుకి నడిచాం. ఆదివారమైనా తీసే ఉంది.

"ఈ నీళ్ళు మరగబెట్టి ఆవిరి పట్టినవేనా అండీ?" అని మేడమ్ అడిగారు.

షాపాయన నవ్వాడు. "ఎక్కడండి మేడమ్ గారూ. బోరునీళ్ళే, బట్టేసి వడగట్టి పోస్తన్నాం. బ్యాటరీకేం తెలుస్తదండి?"

"నిజం చెప్పారు, చాలా సంతోషం," అన్నారు మేడమ్. వెటకారం లేదు అందులో. ఆయన చెయ్యి పట్టుకుని ఊపేస్తారేమో అనిపించింది.

బయటికొచ్చాక రోడ్డుమీదే నిలబడి నాకు చెప్పారు. కాల్షియాన్ని లాగేసే మందు మేం వేస్తున్నది చిటికెడు. మేం వాడుతున్న ప్రతి ద్రావణంలోనూ, ఆ పలకలోనూ, పలక మునిగే నీళ్ళలోనూ అంతకు ఎన్నో రెట్లు కాల్షియం ముందే ఉంది. కాల్షియం లేదనుకున్న దారిలో కూడా కేలియోసిన్ రెండు చేతులా కాల్షియం పట్టుకునే కూర్చుంది. అది ఎందుకు కదులుతుంది? దాని పని అది సరిగ్గానే చేస్తోంది. తప్పు మా నీళ్ళది.

తర్వాతి వారం సలీంగారు తన షాపు పని మానుకుని మాకోసం కూర్చున్నారు. ఇంట్లో ప్రెషర్ కుక్కరు మూతమీద విజిలు తీసి, అక్కడ ఒక గొట్టం అమర్చారు. కెమిస్ట్రీ ల్యాబునుంచి అడిగి తెచ్చిన గాజు గొట్టాన్ని దానికి తగిలించి, చుట్టూ చల్లటినీళ్ళు తిరిగేలా చేశారు. "మీ మేడమ్‌కి పెళ్ళిలో మావాళ్ళు పెట్టిన కుక్కరమ్మా ఇది. దీంతో బిర్యానీ తప్ప అన్నీ చేసింది," అని నవ్వారు. కుక్కరు మరిగి, ఆవిరి చల్లబడి, చుక్క చుక్కగా సీసాలో పడుతుంటే ముగ్గురం చుట్టూ కూర్చుని చూశాం. సీసా నిండాక మేడమ్ మొదట చేసిన పని, ఆ నీళ్ళు కాసిని చేతిలో పోసుకుని సబ్బు రుద్దడం. గుప్పెడు నురగ వచ్చింది.

ద్రావణాలన్నీ పారబోసి కొత్తవి కలిపాం. పలక పోశాం. నడిపించాం. నీలంరంగు వదిలేదాకా ఆగడం మహా కష్టమైంది. ఆవిడ ఆ సమయంలో బల్లలన్నీ తుడిచారు. పలక తీసి కిటికీ వెలుతురుకి పట్టుకున్నప్పుడు చూశాను. ఒక గీత కింద, పక్క దారిలో గీత దానికంటే స్పష్టంగా పైన. చిటికెనవేలి గోరంత ఎడం. దానికోసం అయిదు నెలలు పట్టింది.

నేను కేకపెట్టాను. మేడమ్ పలక నా చేతికిచ్చి వరండాలోకి వెళ్ళి నిలబడ్డారు. కాసేపటికి నేనూ వెళ్ళాను. కళ్ళు తుడుచుకుంటున్నారు.

"అక్కడ కూడా నీళ్ళేనా మేడమ్? మీ యూనివర్సిటీలో?"

"ఏమో. అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. ఇప్పుడెట్లా తెలుస్తుంది? తెలీనిదాన్ని తెలుసని నేను చెప్పను," అన్నారు. కాస్త ఆగి, "కానీ కారణం ఉంటుందని మాత్రం ఆ రోజే అనుకున్నా. అది తప్పు కాదు," అన్నారు.

నేను ఎమ్మెస్సీ ప్రవేశపరీక్ష రాసి ఎదురుచూస్తున్న రోజుల్లో ఆవిడ మా ఊరొచ్చారు. అకాల వర్షానికి కల్లంలో ఆరబోసిన మిర్చి తడిసి బూజుపట్టిందని విని వచ్చారు. మా నాన్న మంచి కాయలు ఒకపక్కకి, బూజుపట్టినవి పారేయడానికి ఒకపక్కకి పోస్తున్నాడు. మేడమ్ వెళ్ళి ఆ పారేసే కుప్ప దగ్గర కూర్చున్నారు.

"అయ్యో, అయ్యెందుకమ్మా మీకు? మంచియ్యే ఓ రెండు కేజీలు కడతా, పట్టుకెళ్ళండి," అన్నాడు నాన్న.

"మంచివి అందరూ తీసుకుంటారండి. నాక్కావలసింది ఇవే."

ఆ బూజుని ల్యాబులో పెంచి, ఎర్రరంగు వేసి చూపించారు. బూజు దారాల్లో కూడా అవే నూనె బొట్లు. మొక్కల్లో ఉండే కేలియోసిన్ లాంటి ప్రొటీనే బూజుల్లోనూ ఉంటుందని, మిర్చిమీదా వేరుసెనగ మీదా విషం తయారుచేసే బూజు ఆ విషాన్ని దాచుకోవడంలో ఈ నూనె బొట్లకి పాత్ర ఉండవచ్చని చెప్పారు. "నువ్వుల సంగతి నేను చూసుకుంటా. ఇది నువ్వు పట్టుకో. మీ నాన్న పారేసే కుప్ప ఎందుకంత అవుతోందో తెలుసుకో," అన్నారు. నా జీవితంలో ఇన్నేళ్ళు చేసిన పనంతా ఆ మాటతో మొదలైంది.

నువ్వుల సంగతి నేను చూసుకుంటానని ఆవిడ అన్నది మాటవరసకి కాదు. మా ల్యాబు కంప్యూటర్ల గది అయిపోయింది. ఆవిడ మళ్ళీ పీహెచ్‌డీకి దరఖాస్తు చేశారు. ఒకచోట వయసు ఎక్కువన్నారు. ఇంకోచోట కాంట్రాక్టువాళ్ళకి సెలవు ఎవరిస్తారన్నారు. మూడోచోట తీసుకున్నారు. వారాంతాల్లో విజయవాడ మీదుగా బస్సుల్లో వెళ్ళి పనిచేసుకుని వచ్చేవారు. నేను అప్పటికి హైదరాబాదులో పరిశోధన చేస్తున్నాను. కొన్ని ప్రయోగాలు మా దగ్గర చేసుకుంటానని వచ్చి, నాకంటే చిన్నపిల్లల పక్కన నిలబడి, పేరు రాసుకుని, వంతు వచ్చేదాకా ఆగి చేసుకునేవారు. మా స్నేహితులు కొందరు ఆవిడని ల్యాబు శుభ్రం చేయడానికి వచ్చినావిడ అనుకుని గ్లాసులు కడగమని చెప్పారు ఒకసారి. ఆవిడ కడిగేశారు. ఆ సంగతి నాకు తెలిసి గొడవపడబోతే, "కడిగితే ఏం పోయింది? నా గ్లాసులు కూడా కడిగేసుకున్నా. పద, పలక ఆరిపోతుంది," అన్నారు.

యాభై ఆరేళ్ళ వయసులో వైవా జరిగింది. నేనూ, సలీంగారూ వెనక వరసలో కూర్చున్నాం. పరీక్షకుల్లో ఒకాయన మర్యాదగానే అడిగారు. "ఈ వయసులో ఈ డిగ్రీ మీకెందుకు ఉపయోగపడుతుందమ్మా?"

"ఉపయోగపడదండి," అన్నారు మేడమ్. "నేను మొదలుపెట్టిన పనొకటి సగంలో ఉండిపోయింది. ఎందుకు ఆగిందో ఇప్పుడు నాకు తెలుసు. తెలిసాక కూడా వదిలేస్తే ఎట్లా?"

ఆయన పెన్ను మూసి, "ఇంక నాకు ప్రశ్నలు లేవు," అన్నారు. సలీంగారు చప్పట్లు కొట్టబోయి, కొట్టకూడదేమోనని చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. అది చూసి నేనే కొట్టాను.

డాక్టరేటు వచ్చినా ఉద్యోగం మారలేదు. జూన్‌లో అదే కాగితం. మూడేళ్ళకి ఊపిరితిత్తుల జబ్బు బయటపడింది. చివరిసారి జగ్గయ్యపేట వెళ్ళినప్పుడు మంచంమీద దిండ్లకి ఆనుకుని నేను రాసిన వ్యాసం చదువుతున్నారు. మాట్లాడితే ఆయాసం వస్తోంది. ఒక బొమ్మ దగ్గర వేలుపెట్టి, "ఇది ఎన్నిసార్లు చేసావు?" అన్నారు. మూడుసార్లన్నాను. "ఇక్కడ రాయలేదే, రాయి," అన్నారు. నేను ఆవిడకోసం పళ్ళు తీసుకెళ్ళాను. ఆవిడ నాకోసం ఆ తప్పు పట్టి ఉంచారు. పది రోజులకి సలీంగారు ఫోన్ చేశారు.

ఆ తర్వాత జరిగిన ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. పోయిన ఏడాది, మిర్చి బూజులో కేలియోసిన్ జన్యువు తీసేస్తే విషం బాగా తగ్గిపోతుందని మేం ఒక వ్యాసం రాశాం. పేరున్న పత్రిక తీసుకుంది. అచ్చుకి వెళ్ళబోతోంది. రెండు వారాల్లో నా పదోన్నతి ఇంటర్వ్యూ. ఒకరోజు సాయంత్రం శ్రావ్య నా గది తలుపు దగ్గర నిలబడింది. లోపలికి రావడం లేదు, వెళ్ళడం లేదు. రమ్మంటే వచ్చి కాగితం నా ముందు పెట్టింది. జన్యువు తీసేసిన బూజు అని మేమనుకున్న దాంట్లో జన్యువు అలాగే ఉంది. విషం తగ్గింది వేరే కారణంవల్ల.

"రెండుసార్లు చూసా మేడమ్. మూడోసారి చూసాక మీ దగ్గరికొచ్చా," అంది.

అందరిముందూ గొప్పగా చెబుతున్నాను కానీ, నాకూ ఆ క్షణంలో అనిపించింది. ఇంటర్వ్యూ అయ్యేదాకా ఆగితే? సరిదిద్దుతూ తర్వాత ఒక చిన్న ఉత్తరం రాస్తే? ఆ పిల్ల నా మొహమే చూస్తోంది. నేనేం చేస్తే అదే తను ముందుముందు చేస్తుందని అర్థమైంది. కంప్యూటరు నా వైపు తిప్పుకుని, వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని, కారణం ఇదని, తప్పు కనిపెట్టింది శ్రావ్య అని పత్రికకి రాశాను. పంపేముందు తనచేత చదివించాను.

"ఇప్పుడేం చేద్దాం మేడమ్?" అంది.

"రేపు ఎనిమిదింటికి రా. కొత్త బూజు తయారుచేద్దాం."

పదోన్నతి ఆ ఏడాది రాలేదు. కొత్తగా తయారుచేసిన బూజులో జన్యువు నిజంగానే లేదని ఈసారి నాలుగు విధాలుగా సరిచూసుకున్నాం. అందులో విషం తగ్గుతుందో లేదో ఇంకా తెలియదు. ఫలితం వచ్చే వారం చేతికొస్తుంది. ఏది వస్తే అదే రాస్తాం.